రెండవ తెర

నెల్లూరు సీమలో పడమటికి పోయేకొద్దీ వరిమళ్ళు పలచబడి మెట్టచేలు, రాతిగుట్టలు ఎదురవుతాయి. దూరాన వెలికొండల బారు నీలంగా కనిపిస్తుంది. సోమశిల జలాశయానికి చేరువలో ఉన్న కలువాయి ఈ మెట్టసీమలోని ఊరు. అక్కడికి ఆగ్నేయదిశగా, సముద్రతీరాన శ్రీహరికోట ఉంది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది అక్కడినుంచే. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరింది గాని, అంతకుముందు అది నెల్లూరు జిల్లాలోనిదే. అందుచేత రాకెట్ ప్రయోగమనేది ఈ సీమవారికి పరాయి సంగతి కాదు. పెద్దలు దానిని తమ ఊరి తిరునాళ్ళవలె చెప్పుకుంటారు.

2023 జూలై 14న శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23వ తేదీ బుధవారం సాయంత్రం చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగవలసి ఉంది. ఆ దృశ్యాన్ని భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అంతర్జాలం ద్వారానూ, దూరదర్శన్ తన ఛానెల్ ద్వారానూ ప్రత్యక్షంగా ప్రసారం చేశాయి. యూట్యూబులో ఆ సంస్థ ప్రసారాన్ని ఒకే సమయంలో ఎనభై లక్షలమందికి పైగా చూశారు. ఎనభై లక్షలన్నది లెక్కకు వచ్చిన తెరల సంఖ్య. ఒక్కొక్క తెర ముందు ఎందరు కూర్చున్నారో ఆ లెక్కకు తెలియదు. ఒక తెర ముందు ఒక్కరే ఉండవచ్చు, నలభైమంది కూడా ఉండవచ్చు. నలభైమంది చూడాలంటే చిన్న తెరను పెద్ద తెరకు కలపడం ఎవరికైనా తెలిసి ఉండాలి. ఆనాడు ఎన్నో ఊళ్ళలో జరిగిన ఈ పని, కలువాయిలో ఒక ఇంటి వసారాలో జరిగినట్లు ఊహించి చూస్తే అందులోని కిటుకులు సులభంగా అర్థమవుతాయి.

ఆ ఇంటిలో ముప్పైరెండు అంగుళాల టీవీ ఒకటి ఉంది. స్మార్ట్ టీవీ కాదు. దానంతట అది అంతర్జాలంలోకి పోలేదు. వీధికంతటికీ వచ్చే కేబుల్ టీవీ తీగ మూడురోజుల కిందట గాలికి తెగి, ఇంకా అతుకుపడలేదు. పక్కవీధిలో డిష్ ఉన్న ఇళ్ళు రెండే. వాటి ముందుగదులు నాలుగు గంటలకే నిండిపోయాయి. ఇంజనీరింగు చదువుతూ నెల్లూరులో ఉంటున్న కొడుకు, చెల్లెలి చదువుకు పనికివస్తుందని తన పాత లాప్‌టాప్‌ను ఇంటిలో విడిచిపెట్టాడు. ఆ చెల్లెలు ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం విద్యార్థిని. పదునాలుగు అంగుళాల ఆ తెరను గడపలో పెడితే ముందువరుసలోని ఐదారుగురు చూడగలరు. వెనుక కూర్చున్న అవ్వకు మాత్రం వెలుగు తప్ప మరేమీ కనిపించదు. ఆమెకు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది, రెండవదానికి జరగవలసి ఉంది.

“నిప్పుపెట్టి పంపేది ఎన్నిమార్లో విన్నాం గదమ్మా, పోయి చేరేది ఒక్కసారైనా చూడనీ,” అన్నది అవ్వ.

మనవరాలికి ఆ మాట పట్టుకున్నది. టీవీని నడవలోనుంచి వసారాలోకి తెచ్చి పీటమీద నిలబెట్టించింది. పడమటి ఎండ తెరమీద పడకుండా ఒక దుప్పటి కట్టించింది. అప్పటికి సమయం నాలుగున్నర.

పెద్ద తెర కావాలనడం కేవలం సంబరంకోసం కాదు. 2019 సెప్టెంబరు 7న, అర్ధరాత్రి దాటిన తరువాత, చంద్రయాన్-2కు చెందిన విక్రమ్ లాండర్ చంద్రునిపై దిగుతుండగా బెంగళూరు కేంద్రంలోని తెరమీద దాని జాడ చూపే చుక్క, ముందుగా గీసి ఉంచిన గీతనుండి పక్కకు తొలగింది. 2.1 కిలోమీటర్ల ఎత్తున ఉండగా సంబంధం తెగిపోయిందని ఆనాడు ప్రకటించారు. వైఫల్యాన్ని దేశం చూసింది ఒక చుక్క తప్పటడుగులోనే. నాలుగేళ్ళ తరువాత కూడా చూడవలసినవి అవే: ఆ చుక్క, దాని పక్కన మారుతూ పోయే ఎత్తు, అడ్డంగా పోయే వేగం, నిలువుగా దిగే వేగం. అరచేతిలోని ఫోనులో వ్యోమనౌక బొమ్మ కనిపిస్తుంది గాని, ఆ చిన్న అంకెలు నలుగురికీ కనిపించవు. అంకెలు లేని ఆ ప్రసారం, స్కోరు తెలియని క్రికెట్ ఆట వంటిది.

కంప్యూటరును టీవీకి కలపడం కొత్త విద్య అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇళ్ళలోకి వచ్చిన తొలి కంప్యూటర్లలో పెక్కింటికి సొంత తెర ఉండేది కాదు. 1977లో అమెరికాలో వచ్చిన ఆపిల్-2నూ, 1982లో ఇంగ్లండులో వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌నూ ఇంటిలోని టీవీకే కలుపుకొనేవారు. 1984లో మనదేశంలో పాఠశాల విద్యార్థులకు కంప్యూటరు పరిచయం చేయడానికి ఆరంభించిన పథకంలో వాడిన బీబీసీ మైక్రో యంత్రానికి కూడా టీవీకి కలిపే మార్గం ఉంది. తరువాత కంప్యూటరు తన తెరను తాను సమకూర్చుకొని, లాప్‌టాప్ రూపంలో తెరను మూతగా కూడా మార్చుకొని, పుట్టింటిని మరచినట్లు టీవీకి దూరమయింది. ఒకే తెర ముందు ఊరు కూర్చోవడం కూడా తెలుగు పల్లెలకు పరిచయమైనదే. 1975 ఆగస్టునుంచి ఏడాదిపాటు ఏ.టి.ఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో గాని ప్రారంభం కాలేదు. అంటే కొన్ని పల్లెలు రాజధానికంటె ముందే టీవీ చూశాయి!

ఇక కలపవలసిన తీగ సంగతి. ఇంటిలోని సెట్‌టాప్ బాక్సు వెనుకనుంచి పసుపు, ఎరుపు, తెలుపు మొనలున్న తీగ ఒకటి దొరికింది. తమ్ముడు దానిని తెచ్చి లాప్‌టాప్ చుట్టూ తిప్పి చూశాడు. పట్టే రంధ్రం ఒక్కటీ లేదు. ఉండదు కూడా. పసుపు మొన బొమ్మను, తక్కిన రెండూ ధ్వనిని తీసుకుపోతాయి. అవి ఎడతెగక హెచ్చుతగ్గులయ్యే విద్యుత్తరంగాలు. నేటి లాప్‌టాప్ పంపేది ఒకట్లు, సున్నాల వరుస. ఈ రెంటి మధ్య భాషాభేదమే ఉన్నది. తీగ కొసలు మార్చినంత మాత్రాన ఆ భేదం తీరదు. ఒక భాషను మరొక భాషలోకి మార్చే చిన్న యంత్రం నడుమ ఉండాలి. అంగడిలో దొరుకుతుంది గాని, కొనేవారు మార్పిడి ఏ దిశలో జరుగుతుందో అడిగి కొనాలి. టీవీనుంచి లాప్‌టాప్‌కు మార్చేది తెచ్చుకొని, పనిచేయలేదని వాపోయినవారు లేకపోలేదు.

పాత లాప్‌టాప్‌ల పక్కన నీలిరంగులో, మూడువరుసల్లో పదిహేను చిన్నరంధ్రాలతో ఒక కూడలి ఉంటుంది. అది వీజీఏ. 1987లో ఐబీఎం సంస్థ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి బొమ్మను మాత్రమే మోస్తుంది, మాటను మోయదు. 2002 డిసెంబరులో ఏడు సంస్థలు కలిసి వెలువరించిన హెచ్‌డీఎంఐ పద్ధతిలో పంతొమ్మిది మొనలు ఉంటాయి. బొమ్మ, ధ్వని రెండూ ఒకే తీగలో పోతాయి. ఇటీవలి పలుచని లాప్‌టాప్‌లలో ఇది కూడా లేక, కోడిగుడ్డు ఆకారపు సన్నని యూఎస్‌బీ-సీ రంధ్రాలే మిగిలాయి. వాటితో ఒక చిక్కుంది. పైకి అన్నీ ఒక్కతీరుగానే ఉన్నా, కొన్ని బొమ్మను పంపగలవు, కొన్ని కరెంటు పట్టించుకోవడానికి, ఫైళ్ళు పంపడానికి మాత్రమే పనికివస్తాయి. రంధ్రాన్ని చూసి కాక, యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని చూసి తెలుసుకోవలసిందే.

అన్న విడిచిపోయిన లాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ ఉంది. టీవీకీ ఉంది. తీగే లేదు. అటువంటి తీగ ఎవరింట ఉంటుంది? హెచ్‌డీ పెట్టె ఉన్న ఇంట ఉంటుంది. మూడిళ్ళవతల పెద్దమ్మ తన పెట్టెనుంచి దానిని ఊడదీసి ఇచ్చింది. “కేబులు పోయినప్పటినుంచి పెట్టె ఉత్తదే గదా, తీసుకుపొండి, నేనూ వస్తా,” అన్నది. తీగను నిటారుగా, రెండు కొసల ఆకారం చూసి పెట్టాలి. వంకరగా బలవంతం చేస్తే విరిగేది తీగకొస కాదు, లాప్‌టాప్ లోపలి పలక. దానిని బాగుచేయించడం ఖరీదైన పని.

తీగ పెట్టినా టీవీలో బొమ్మ రాలేదు. నీలితెర మీద ‘నో సిగ్నల్’ అన్న మాట ఈదులాడుతూ ఉంది. అమ్మాయి తల్లి ఫోనునుంచి అన్నకు ఫోను చేసింది.

“అన్నా, వైరు గట్టిగానే పెట్టినా, సిగ్నల్ లేదంటా ఉంది.”

“టీవీ వెనకాల ఏ దాంట్లో పెట్టినావు? పక్కన అంకె ఉంటుంది చూడమ్మీ.”

“రెండు.”

“రిమోట్‌లో సోర్సు నొక్కి హెచ్‌డీఎంఐ రెండు ఎంచుకో. నువ్వు కొత్త వాకిట్లో నిలబడి పిలస్తా ఉండావు, టీవీ పాత వాకిలి తట్టు చూస్తా ఉంది, అంతే!”

అన్న చెప్పిన పోలిక సరియైనదే. టీవీకి ఎన్ని దారులున్నా ఒక సమయంలో ఒక దారినే చూస్తుంది. ఎటు చూడాలో రిమోటు ద్వారా మనిషి చెప్పాలి. ఆ దారి తెరుచుకున్న క్షణంలో రెండు యంత్రాల నడుమ ఒక పలకరింపు జరుగుతుంది. లాప్‌టాప్ తీగలోని ఒక మొన గుండా ఐదు వోల్టుల విద్యుత్తు పంపుతుంది. టీవీ మరొక మొన ద్వారా ‘నేనున్నాను’ అన్నట్లు బదులిస్తుంది. అప్పుడు లాప్‌టాప్, టీవీలో భద్రపరచిన ఒక చిట్టాను చదువుకుంటుంది. టీవీని తయారుచేసినవారు, దాని తెర కొలత, అది చూపగల చుక్కల సంఖ్య, వినిపించగల ధ్వని మొదలైన వివరాలు అందులో ఉంటాయి. ఆ చిట్టాలోని మూలభాగం 128 బైట్లు మాత్రమే. తెలుగు లిపిలో ఒక వాక్యం రాయడానికి పట్టేటంత చోటు! కొత్తగా కలిసిన ఇద్దరు మనుషులు ఊరూపేరూ చెప్పుకొన్నట్లు, ఈ పరిచయం పూర్తి అయిన తరువాతనే బొమ్మ ప్రయాణం మొదలవుతుంది. తీగ వదులుగా ఉంటేనో, లోపల ఒక పోగు తెగితేనో పరిచయం సగంలో ఆగుతుంది. అందుకే ‘సిగ్నల్ లేదు’ అన్నప్పుడు యంత్రం చెడిపోయిందని బెంగపడకుండా, ముందు దారిని, తరువాత తీగను, ఆ తరువాత రెండింటినీ ఆపి మళ్ళీ వెలిగించి పరీక్షించాలి.

ఈసారి టీవీలో ఒక కొండల చిత్రం కనిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అయితే లాప్‌టాప్‌లో తెరచి ఉంచిన యూట్యూబు అందులో లేదు. బొమ్మల గుర్తులు లేవు, బాణం గుర్తు కూడా లేదు. ఈ స్థితిని చూసి పని చెడిందని తీగ పీకివేసేవారు చాలామంది. చెడినది ఏమీ లేదు. లాప్‌టాప్ టీవీని తన తెరకు కొనసాగింపుగా భావించింది. వసారాకు పక్కన మరొక వసారా కట్టినట్లు. బాణం గుర్తును కుడివైపు అంచు దాటించి జరిపితే అది టీవీలోకి నడిచిపోతుంది. 2009లో వచ్చిన విండోస్-7నుంచి, మీటలపలక మీద విండోస్ గుర్తు మీటను, ‘పి’ అక్షరాన్ని కలిపి నొక్కితే నాలుగు మార్గాలు ఎదుట నిలుస్తాయి. లాప్‌టాప్ తెర మాత్రమే, రెండింటిలోనూ ఒకే బొమ్మ, రెండూ కలిసి ఒకే విశాలమైన తెర, రెండవ తెర మాత్రమే. పాఠం చెప్పే అధ్యాపకునికి మూడవది మేలు. విద్యార్థులకు చూపే బొమ్మను పెద్ద తెరమీదికి జరిపి, తాను చెప్పవలసిన మాటలు చిన్న తెరమీద ఉంచుకోవచ్చు. లెక్కలు రాసే ఉద్యోగికి కూడా అదే అనుకూలం. నలుగురూ కలిసి ఒకే దృశ్యం చూసేటప్పుడు రెండవది సుఖం. అమ్మాయి రెండవదానినే ఎంచుకుంది. ఆ ఎంపిక కొంతసేపటికి ఎంత అక్కరకు వచ్చిందో ముందు తెలుస్తుంది.

టీవీలో యూట్యూబు కనిపించింది గాని దాని నాలుగు అంచులూ తెగిపోయినట్లున్నాయి. దీనికి కారణం పాతకాలపు గాజుగొట్టం టీవీలలో ఉంది. వాటిలో బొమ్మ అంచులు సమంగా ఉండేవి కావు. ఆ లోపం కనబడకుండా బొమ్మను కాస్త పెద్దదిచేసి అంచులను చట్రం వెనుక దాచేవారు. గొట్టాలు పోయినా ఆ అలవాటు కొన్ని టీవీలలో మిగిలింది. సినిమాకు దానివల్ల నష్టంలేదు. తెర అడుగున అంకెలున్నప్పుడు మాత్రం అవే మాయమవుతాయి.  టీవీ రిమోటులో బొమ్మ కొలతకు సంబంధించిన అమరికను తెరచి ‘స్క్రీన్ ఫిట్’ లేదా ‘జస్ట్ స్కాన్’ అన్నదానిని ఎంచుకోవాలి. ఆ మాట ఒక్కొక్క కంపెనీ టీవీలో ఒక్కొక్క విధంగా ఉంటుంది.

బొమ్మ టీవీలో ఉంటే మాట లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. తెర కింద కుడిమూలనున్న స్పీకరు గుర్తును నొక్కి, అక్కడ కనబడే పేర్లలో టీవీ పేరు ఎంచుకోగానే వసారా అంతా వ్యాఖ్యాత గొంతు నిండింది. ఇంగ్లీషులో చెబుతున్న ఆ మాటలు అక్కడ కూర్చున్నవారిలో సగంమందికి అర్థం కాలేదు. అయినా ఎవరూ లేవలేదు.

ఈ లోపల తమ్ముడు ఇంకొక సలహా చెప్పాడు: వాళ్ళ స్నేహితుని ఇంట తీగ లేకుండానే ఫోనులోని బొమ్మ టీవీలోకి పోతుందట. పోతుంది. 2012లో వచ్చిన మిరాకాస్ట్, 2013లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ వంటివి గాలిలోనే బొమ్మను పంపుతాయి. అందుకు టీవీకి ఆ శక్తి ఉండాలి, లేదా దానికి తగిలించే చిన్న పరికరం ఉండాలి. ఆ ఇంటి టీవీకి రెండూ లేవు. ఉన్నచోట కూడా బొమ్మ కాస్త ఆలస్యంగా చేరుతుంది. సినిమా చూసేవారికి ఆ ఆలస్యం తెలియదు. ఆట ఆడేవారికి తెలుస్తుంది. గట్టిగా పనిజరగాలనుకున్నప్పుడు తీగను మించినది లేదు.

అంతర్జాలం తండ్రి ఫోనులోనుంచి లాప్‌టాప్‌కు వస్తున్నది. రోజుకు ఒకటిన్నర జీబీ పరిమితి. అందులో సగం పొద్దుటినుంచి అయిపోయింది. మధ్యరకం స్పష్టతతో చూసినా గంట వీడియోకు అర జీబీకి పైగానే ఖర్చు కావచ్చు. అమ్మాయి స్పష్టతను ఒక మెట్టు తగ్గించింది. పెద్దతెర మీద బొమ్మ అలుక్కుపోయినట్లు కనిపించి పిల్లలు గోలచేశారు. ఆ టీవీ తెరమీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు ఉన్నాయి. మొత్తం పదిలక్షలకు పైమాటే. వచ్చే బొమ్మలో అన్ని చుక్కలు లేనప్పుడు, టీవీ ఉన్న చుక్కలనే సాగదీసి చోటు నింపుతుంది. పెద్దతెర బొమ్మను పెద్దది చేయగలదు గాని, అందులో లేని వివరాన్ని పుట్టించలేదు. అంకెలు మాత్రం చదవడానికి వీలుగానే ఉన్నాయి. అమ్మాయికి కావలసింది అదే.

ఐదూ నలభైఐదు సమయానికి లాండర్ దిగడం ఆరంభమయింది. సుమారు ముప్పై కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు దాదాపు 1.68 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా దూసుకుపోతున్న ఆ నౌక, ఇరవై నిమిషాలకు లోపుగానే ఆ వేగమంతా పోగొట్టుకొని నేలమీద నిలవాలి. చంద్రునిపై గాలి లేదు గనుక గొడుగు విప్పి దిగే ఉపాయం పనికిరాదు. ఎదురుగా ఇంజన్లు మండించి ఆపుకోవలసిందే. మొదటి దశలో సుమారు పదకొండున్నర నిమిషాలు, 7.4 కిలోమీటర్ల ఎత్తు వచ్చేవరకు, వేగాన్ని గట్టిగా తగ్గించడమే పని. వసారాలో వెనుకవరుసలవారు మోకాళ్ళమీద లేచారు. వీధిలో పోతున్నవారు సైకిలు ఆపి అరుగుకు ఆనుకున్నారు.

సరిగా ఆ సమయంలో కరెంటు పోయింది.

టీవీ నల్లబడింది. ఫ్యాను ఆగింది. ‘అయ్యో’ అన్న మాట వసారాలో ఒక్కసారిగా లేచింది. కాని బాటరీ ఉన్న లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది. ఫోనునుంచి అంతర్జాలం వస్తూనే ఉంది. రెండింటిలోనూ ఒకే బొమ్మ ఉండే మార్గాన్ని ఎంచుకోవడం వల్ల చిన్నతెర మీద ప్రసారం ఎక్కడా చెదరలేదు. టీవీ మాయం కావడంతో ఒక్క క్షణం రెప్పవాల్చి, మళ్ళీ తెరచుకుంది, అంతే. ధ్వని కూడా దానంతట అదే లాప్‌టాప్‌లోకి తిరిగివచ్చింది. అందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు. వంగినవారి తలలు అడ్డమై ఇంకెవరికీ కనిపించలేదు.

“అవ్వా, నువ్వు కూచో. ఎవరూ లేవబాకండి. నేను చదువుతా,” అన్నది అమ్మాయి.

లాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకొని తెరమీద మారే అంకెలను పైకి చదవసాగింది. ఎత్తు ఇంత, వేగం ఇంత. కిలోమీటర్ల లెక్క తెలియనివారికోసం, “ఇక్కడికీ ఆత్మకూరుకీ ఉండేంత ఎత్తు కూడా లేదు ఇప్పుడు,” అని తనకు తోచిన కొలత ఒకటి చెప్పింది. పైన ఏడు కిలోమీటర్లు దాటి కిందికి వచ్చినప్పుడు, “2019లో ఇక్కడ కాదు, ఇంకా కిందకి వచ్చినాక తప్పింది,” అని ఎవరో అన్నారు. ఆ మాటతో వసారా నిశ్శబ్దమయింది. అమ్మాయి గొంతు, దానికి వెనుక సన్నగా వ్యాఖ్యాత గొంతు తప్ప వేరే శబ్దం లేదు. రెండు కిలోమీటర్ల అంకె వచ్చినప్పుడు ఆమె ఒక క్షణం చదవడం ఆపింది. చుక్క గీతమీదనే ఉంది. మళ్ళీ చదివింది.

ఆరుగంటలు దాటిన కొద్ది నిమిషాలకు కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది గాని టీవీలో మళ్ళీ ఆ నీలితెరే. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని టీవీలు తాము చివర చూసిన దారిని మరచి, మొదటి దారికే తిరిగిపోతాయి. ఈసారి అన్నకు ఫోను చేయవలసిన పని లేకపోయింది. తమ్ముడే రిమోటు తీసి సోర్సు నొక్కి రెండవదారికి మార్చాడు. రెండు యంత్రాలూ తిరిగి పరిచయం చేసుకొనే రెండు మూడు సెకన్లు తెర నల్లగా ఉండి, బొమ్మ వచ్చింది. ధ్వని టీవీలోకి వచ్చిందో లేదో చూసే ఓపిక ఎవరికీ లేదు.

అంతలో పక్కవీధిలో కేకలు, ఈలలు, టపాకాయల మోత వినిపించాయి. వసారాలోని టీవీలో మాత్రం లాండర్ ఇంకా నేలకు పైననే ఉంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. అంతర్జాలంలో వచ్చే ప్రత్యక్ష ప్రసారం ఎన్నో చోట్ల ముక్కలుగా నిలువ అయి వస్తుంది. అందువల్ల డిష్ ద్వారా చూసేవారికంటె పది సెకన్లనుంచి అరనిమిషం వరకు వెనుకబడటం మామూలే. ఫలితం ఏమిటో అందరికీ చెవులద్వారా తెలిసిపోయింది. అయినా కళ్ళతో చూడవలసిన క్షణం ఇంకా రాలేదు. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రుని నేలను తాకిన విక్రమ్, కొన్ని సెకన్లు ఆలస్యంగా, కలువాయి వసారాలో కూడా దిగింది. అప్పటికే తెలిసిన సంగతికి ఆ నలభైమందీ, తెలియనట్లే, పెద్దగా కేకలు వేశారు.

బెంగళూరు కేంద్రంలో శాస్త్రవేత్తలు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం కనిపించింది. అదే దృశ్యంలో తెర రెండుగా చీలి, ఒక సగంలో బ్రిక్స్ సమావేశంకోసం దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో ఉన్న ప్రధానమంత్రి కనిపించారు. వేలమైళ్ళ అవతలి గదిలో ఆయన కూడా ఒక తెర ముందే నిలిచి ఉన్నారు.

“దిగిందా?” అని అడిగింది అవ్వ.

“దిగింది అవ్వా. చూసినావు గదా?”

“చూసినాలే. కరెంటు లేనప్పుడే బాగా చూసినా,” అన్నది ఆమె, పమిటకొంగుతో కన్ను తుడుచుకుంటూ.

జనం లేచిపోయారు. దుప్పటి విప్పారు. తమ్ముడు తీగను ఊడబీకి మోచేతికి బిగించి చుట్టబోతుంటే, లోపలి పోగులు తెగుతాయని అమ్మాయి వారించి, దానిని వదులుగా పెద్దచుట్టలుగా చుట్టింది. మూడిళ్ళవతలకు తీసుకుపోయి పెద్దమ్మకు ఇచ్చి, పెట్టె వెనుక తానే తగిలించి వచ్చింది. కేబుల్ టీవీ తీగను మరునాడు అతుకువేస్తారని పెద్దమ్మ చెప్పింది.